ఆ ఇరవై ఎనిమిది రోజుల కంటే ముందే

*మూర్ఛ ఉన్న ఆడపిల్ల తల్లి కావచ్చు. పండంటి బిడ్డను ఎత్తుకోవచ్చు. కాకపోతే ఏ మందు, ఎంత మోతాదు అన్న లెక్క నెల తప్పాక కాదు, అంతకుముందే తేలాలి.*

గురువారం సాయంత్రం. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి ముందు వరుస రోడ్డు దాకా వచ్చింది. పైన మెట్రో రైలు ఎల్బీనగర్ వైపు సాగిపోతోంది. కింద డిపో బస్సులు, ఆటోలు, కోచింగ్ సెంటర్ల నుంచి ఒక్కసారిగా బయటపడ్డ పిల్లల గుంపులు. ఆ సందడికి ఇరవై మెట్లు పైన ఉన్న న్యూరాలజీ క్లినిక్‌లో మాత్రం అందరూ గొంతు తగ్గించే మాట్లాడుతున్నారు.

డాక్టరు ఎదుట కూర్చున్న అమ్మాయికి ఇరవై నాలుగేళ్లుంటాయి. పెళ్లయి ఎనిమిది నెలలు. ఇంట్లో చేసుకున్న పరీక్షలో రెండు గీతలు కనిపించి పది రోజులైంది. ఇప్పుడు ఏడో వారం. పక్కన అత్త.

"ఏం గోలీలు వాడుతున్నవమ్మా?"

అమ్మాయి హ్యాండ్‌బ్యాగు తెరిచింది. అందులోంచి ఒక పౌడర్ డబ్బా తీసింది. డబ్బాలో పౌడర్ లేదు, మడతపెట్టిన మాత్రల షీటు ఉంది. అత్త ఆ డబ్బా వైపు చూసింది, కోడలి వైపు చూసింది.

"నాకెందుకు చెప్పలే బిడ్డా?"

అమ్మాయి తల దించుకుంది. ఇంటర్ సెకండియర్‌లో ఉన్నప్పటి నుంచి వేసుకుంటోందట. "పది రోజుల సంది ఆపేసిన సార్. కడుపుల ఉన్న పాపకు మంచిది కాదని ఫోన్ల చూసిన" అంది. డాక్టరు చేతిలోని పెన్ను బల్లమీద పెట్టేశాడు.

ఇది ఏదో ఒక్క ఇంట్లో జరిగింది కాదు. మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ రింగు రోడ్డు దాకా ఉన్న ఆస్పత్రుల గదుల్లో మళ్లీ మళ్లీ వినిపించే మాటల్ని ఒకచోట చేర్చిన దృశ్యం. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులన్నీ నగరంలోకి అడుగుపెట్టేది ఇటువైపు నుంచే. ఆ బస్సులు దిగేవాళ్లలో ఫిట్స్ మందుల చీటీ పట్టుకొని వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లలో పెళ్లీడు ఆడపిల్లలూ ఉంటారు.

ఆ అమ్మాయి విన్నది అబద్ధం కాదు. కొన్ని మూర్ఛ మందుల వల్ల కడుపులోని బిడ్డకు ప్రమాదం ఉంది. కానీ ఆమె చేసిన పనిలో అంతకంటే దగ్గరగా మరో ప్రమాదం పొంచి ఉంది. ఈ రెంటి మధ్య దారి ఉంది. ఆ దారి ఆమెకు ఎనిమిదేళ్ల కిందటే ఎవరైనా చూపించి ఉండాల్సింది.

అన్ని మందులూ ఒకటి కావు

"మూర్ఛ మందులు వాడితే బిడ్డ అవకరంతో పుడుతుంది" అనే మాట ఊళ్లో తిరుగుతుంటుంది. ఈ ఒక్క వాక్యం ఎంతోమందిని భయపెట్టింది. అసలు లెక్క ఇంత మొరటుగా లేదు.

ఏ జబ్బూ లేని, ఏ మందూ వాడని తల్లులకు పుట్టే వందమంది పిల్లల్లో కూడా ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక పెద్ద లోపం ఉంటుంది. మందు వాడే తల్లుల విషయంలో ఆ సంఖ్య ఎంత పెరుగుతుందన్నదే ప్రశ్న. దీనికి జవాబు వెతకడానికి ‘యురాప్’ అనే అంతర్జాతీయ రిజిస్టర్ 42 దేశాల నుంచి వివరాలు సేకరించింది. ఒకే రకం మూర్ఛ మందు వాడిన 7,355 గర్భాలను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించింది. లామోట్రిజిన్, లెవిటిరాసెటమ్ వాడిన తల్లుల పిల్లల్లో లోపాలు నూటికి మూడులోపే ఉన్నాయి. అంటే దాదాపు మామూలు తల్లులతో సమానం. కార్బమజెపైన్‌తో ఐదున్నర, ఫెనిటోయిన్, ఫినోబార్బిటోన్‌లతో ఆరున్నర దాకా కనిపించాయి. వాల్‌ప్రోయేట్ దగ్గరికి వచ్చేసరికి ఆ సంఖ్య పదికి చేరింది.

మోతాదు ఇంకో మెట్టు. రోజుకు 650 మిల్లీగ్రాముల లోపు వాల్‌ప్రోయేట్ వాడిన తల్లుల్లో నూటికి ఆరుగురి పిల్లలకు లోపాలు కనిపిస్తే, 1,450 మిల్లీగ్రాములు దాటిన చోట నూటికి 25 మందికి కనిపించాయి. పేరు ఎంత ముఖ్యమో, ఆ పేరు పక్కనున్న అంకె అంత ముఖ్యం. రెండు మూడు మందులు కలిపి వాడేటప్పుడు వాటిలో వాల్‌ప్రోయేట్ ఉందా లేదా అన్నది ముఖ్యం.

లోపాలంటే ఏమిటి? వెన్నుపూస పూర్తిగా మూసుకోకపోవడం, గుండెలో రంధ్రాలు, గ్రహణం మొర్రి, అంగిలి చీలిక, చేతులు కాళ్ల ఎముకల్లో తేడాలు, మగపిల్లల్లో మూత్రనాళం తెరుచుకునే చోటు మారిపోవడం. వీటిలో చాలావరకు పుట్టగానే కంటికి కనిపిస్తాయి, కొన్ని శస్త్రచికిత్సకు లొంగుతాయి. కనిపించనిది మరొకటి ఉంది. వాల్‌ప్రోయేట్ ప్రభావంలో కడుపులో పెరిగిన పిల్లల్లో నూటికి 30 నుంచి 40 మందికి ఎదుగుదల సమస్యలు రావచ్చని ఐరోపా ఔషధ సంస్థ హెచ్చరించింది. మాటలు ఆలస్యంగా రావడం, జ్ఞాపకశక్తి తగ్గడం, ఆటిజం వీటిలో ఉన్నాయి. అమెరికా, బ్రిటన్‌లలో కిమ్‌ఫోర్డ్ మీడర్ అనే పరిశోధకుడి బృందం మూర్ఛ మందులు వాడిన తల్లుల పిల్లల్ని పుట్టినప్పటి నుంచి వెంబడించి, ఆరేళ్లు వచ్చాక తెలివితేటల పరీక్ష పెట్టింది. ఇతర మందులు వాడిన తల్లుల పిల్లల సగటు ఐక్యూ 105 నుంచి 108 ఉంటే, వాల్‌ప్రోయేట్ వాడిన తల్లుల పిల్లలది 97. బడిలో వెనకబడ్డ పిల్లాణ్ణి "మొద్దబ్బాయి" అంటున్న ఇళ్లల్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు.

అయినా మరో లెక్కను మరిచిపోకూడదు. మూర్ఛ ఉన్న తల్లుల్లో నూటికి తొంభై మందికి పైగా ఆరోగ్యవంతులైన పిల్లల్నే కంటున్నారు.

■ షీటు మీద చిన్న అక్షరాలు

• వాల్‌ప్రోయేట్ ఒకే పేరుతో దొరకదు. సోడియం వాల్‌ప్రోయేట్, వాల్‌ప్రోయిక్ యాసిడ్, డైవాల్‌ప్రోయెక్స్... ఏది ఉన్నా ఆ కుటుంబానిదే. కంపెనీ పేరు పెద్దగా, మందు పేరు చిన్నగా ఉంటుంది. చదవాల్సింది చిన్న అక్షరాలనే.
• ఇది మూర్ఛకు మాత్రమే కాదు, మైగ్రేన్ తలనొప్పికీ, బైపోలార్ జబ్బుకూ ఇస్తారు. ‘నాకు ఫిట్స్ లేవు కదా’ అనుకునే మహిళలు కూడా ఒకసారి షీటు చూసుకోవాలి.
• టోపిరమేట్‌ను కూడా మైగ్రేన్‌కు వాడతారు. దీనివల్లా పిల్లల ఎదుగుదలపై ప్రభావం ఉండవచ్చని తేలడంతో 2023లో ఐరోపా దానిపై ఆంక్షలు పెట్టింది.
• మగవాళ్ల వాల్‌ప్రోయేట్ వాడకంపై కూడా ఐరోపా ఔషధ సంస్థ 2024 జనవరిలో జాగ్రత్తలు సూచించింది. పిల్లల్ని కనాలనుకునే భర్తలు కూడా డాక్టరుతో మాట్లాడటం మంచిది.

హాస్టల్ గదిలో మొదలైన కథ

ఇంటర్‌లో మొదలైందని ఆ అమ్మాయి చెప్పింది. ఆ వయసు యాదృచ్ఛికం కాదు.

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట గల్లీల్లో హాస్టళ్లెన్నో లెక్కపెట్టలేం. బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, సాఫ్ట్‌వేర్ కోర్సులు... ఒక గదిలో నాలుగైదు మంచాలు, అర్ధరాత్రి దాటినా ఆరని ట్యూబ్‌లైటు, ఉదయాన్నే మళ్లీ క్లాసు. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య బయటపడే ఒక రకం మూర్ఛ ఉంది. వైద్యులు దాన్ని జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అంటారు. పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడతాయి. పళ్లు తోముకుంటుంటే బ్రష్ ఎగిరిపడుతుంది, చేతిలో టీ గ్లాసు జారిపోతుంది. "నిద్ర చాలక" అనుకుంటారు. నిజమే, నిద్ర చాలకపోవడమే దాన్ని రెచ్చగొడుతుంది. పరీక్షల ముందు రెండు రాత్రులు మేలుకున్నాక ఒక తెల్లవారుజామున పెద్ద ఫిట్స్ వస్తుంది. గదిలోని స్నేహితురాళ్లు కంగారుగా చేతిలో తాళాలు పెడతారు.

ఈ రకం మూర్ఛకు కార్బమజెపైన్, ఫెనిటోయిన్ లాంటివి పనికిరాకపోగా ఒక్కోసారి జబ్బును పెంచుతాయి. బాగా పనిచేసేది వాల్‌ప్రోయేట్. 2021లో బ్రిటన్‌లో వెలువడిన శానాడ్-2 పరీక్ష కూడా, ఒళ్లంతా కుదిపేసే రకం మూర్ఛల్లో లెవిటిరాసెటమ్ దానికి సాటి రాలేదని తేల్చింది. చిక్కంతా ఇక్కడే. వాల్‌ప్రోయేట్ చెడ్డ మందు కాదు, లక్షలమందిని నిలబెట్టిన మందు. పదహారేళ్ల పిల్లకు ఫిట్స్ ఆగాయి, చదువు సాగింది, ఇంట్లో ఊపిరి పీల్చుకున్నారు. మందుల చీటీ ఏడాదికోసారి మెడికల్ షాపులో తిరగరాయించుకున్నట్టుగా కొనసాగిపోయింది. ఆ పిల్ల పెద్దదైందన్న సంగతి మాత్రం చీటీకి తెలియలేదు.

ఆ మందు మొదలుపెట్టిన రోజే "నీకు పెళ్లీడు వచ్చేలోపు ఈ మందు మార్చాలా వద్దా అని మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాలి" అని ఎవరైనా చెప్పి ఉంటే ఈ కథ మరోలా ఉండేది.

ఇరవై ఎనిమిది రోజుల్లో మూసుకునే వెన్ను

పిండంలో మెదడు, వెన్నుపాము తయారయ్యే తీరు అద్భుతం. మొదట అదొక పలుచని పొర. అది అంచులు మడుచుకుంటూ గొట్టంలా మారి, రెండు చివరలా మూసుకుంటుంది. పిండం ఏర్పడిన 28వ రోజుకల్లా ఈ పని అయిపోతుంది. అప్పటికి నెల తప్పి రెండు వారాలు. అప్పటికింకా చాలామంది ఆడవాళ్లకు ‘ఏమో, ఆలస్యమైందేమో’ అన్న అనుమానమే. కింది చివర మూసుకోకపోతే స్పైనా బిఫిడా. పై చివర మూసుకోకపోతే తలపుర్రె, మెదడు ఏర్పడవు. వాల్‌ప్రోయేట్ వాడే తల్లుల్లో నూటికి ఒకరిద్దరి పిల్లలకు స్పైనా బిఫిడా వస్తుంది. మామూలు కంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇప్పుడు మన ఆరోగ్య వ్యవస్థ ఎప్పుడు మేల్కొంటుందో చూడండి. ఆశా కార్యకర్త పేరు రాసుకోవాలంటే నెల తప్పాలి. పన్నెండు వారాల్లోపు నమోదైతే త్వరగా నమోదైనట్టే లెక్క. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేక వైద్యుల పరీక్షలు జరుగుతాయి. అవి ఉద్దేశించింది నాలుగో నెల నుంచి. బిడ్డ అవయవాల్ని చూసే టిఫా స్కాన్ ఐదో నెల ప్రాంతంలో. అన్నీ అవసరమైనవే, ఎన్నో ప్రాణాలు కాపాడుతున్నవే. కానీ ఈ ఒక్క విషయంలో అన్నీ ఆలస్యమే. వెన్ను అప్పటికే మూసుకునో, మూసుకోకుండానో తన పని ముగించేసి ఉంటుంది.

క్లినిక్‌లోని ఆ అమ్మాయికి ఏడో వారం. ఇప్పుడు మాత్ర ఆపినా వెన్ను విషయంలో జరగాల్సింది జరిగిపోయింది. అయితే మెదడు ఎదుగుదల తొమ్మిది నెలలూ సాగుతుంది కాబట్టి మందు మార్చడమా, మోతాదు తగ్గించడమా అన్నది డాక్టరు ఇప్పటికైనా ఆలోచిస్తాడు. ఆమె తనంతట తాను ఆపేయడం మాత్రం పరిష్కారం కాదు.

■ భీమవరం బిడ్డ ఇచ్చిన వరం

గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనుక ఒక తెలుగువాడి శ్రమ ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరుణ్ణి స్ప్రూ అనే పేగుల జబ్బు బలి తీసుకుంది. అమెరికా వెళ్లిన సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. అదే స్ప్రూకు మందు అయింది. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి మరో సంగతి తేల్చింది. అంతకుముందు వెన్ను లోపంతో బిడ్డను కన్న తల్లులు, మళ్లీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే ఆ లోపం నాలుగింట మూడు వంతుల మేర తగ్గింది. మూర్ఛ మందులు వాడే మహిళలు పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టే ముందే దీన్ని వేసుకోవాలి. ఎంత మోతాదన్నది డాక్టరు చెప్పాలి. ఒక్కటి గుర్తుంచుకోవాలి. వాల్‌ప్రోయేట్ చేసే హానిని ఇది పూర్తిగా ఆపలేదు.

తెలిసి కూడా ఆలస్యం

వాల్‌ప్రోయేట్ కథ ఒక పొరపాటుతో మొదలైంది. 1962లో ఫ్రాన్స్‌లో పియరీ ఎమార్ అనే పరిశోధకుడు వేరే మందుల్ని పరీక్షించడానికి వాటిని ఒక ద్రావకంలో కరిగించాడు. ఏ మందు కలిపినా ప్రయోగ జంతువుల్లో ఫిట్స్ ఆగిపోతున్నాయి. పనిచేస్తున్నది మందులు కాదు, ఆ ద్రావకమే అని తేలింది. 1967లో అది ఫ్రాన్స్ మార్కెట్‌లోకి వచ్చింది.

మూర్ఛ మందులకూ గ్రహణం మొర్రికీ సంబంధం ఉండొచ్చని 1968లోనే ‘లాన్సెట్’ పత్రికలో ఒక వైద్యుడి లేఖ వచ్చింది. వాల్‌ప్రోయేట్‌కూ స్పైనా బిఫిడాకూ ముడి ఉందని 1982లో లియోన్ నగరం నుంచి ఎలిజబెత్ రాబర్ట్ వెల్లడించారు. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు ఎంతోమంది తల్లులకు ఆ మాట చేరలేదు. ఫ్రాన్స్‌లో మరీన్ మార్టిన్ అనే తల్లి 2011లో బాధిత కుటుంబాలతో సంఘం పెట్టి పోరాడాక, ప్రభుత్వం లెక్కలు తీసింది. 1967 నుంచి 2016 వరకు 2,150 నుంచి 4,100 మంది పిల్లలు ఈ మందు వల్ల పెద్ద లోపాలతో పుట్టి ఉంటారని 2017లో అంచనా వేసింది. పరిహారానికి ప్రత్యేక ఏర్పాటు చేసింది. బ్రిటన్‌లో ఇదే విషయాన్ని పరిశీలించిన బారోనెస్ కంబర్లెజ్ కమిటీ 2020లో ఇచ్చిన నివేదికలో తల్లుల మాట వ్యవస్థ వినలేదని తేల్చి చెప్పింది. ఇప్పుడు అక్కడ 55 ఏళ్లలోపు ఎవరికైనా వాల్‌ప్రోయేట్ కొత్తగా మొదలుపెట్టాలంటే ఇద్దరు నిపుణులు ఒప్పుకోవాలి. పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లకు ఈ మందు రాయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

మన దగ్గర? దారి చూపింది కేరళ. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ వైద్య సంస్థలో డాక్టర్ సంజీవ్ వి. థామస్ ఆధ్వర్యంలో 1998లో మూర్ఛ, గర్భధారణలపై ఒక రిజిస్టర్ మొదలైంది. మూర్ఛ ఉన్న మహిళల్ని గర్భానికి ముందు నుంచి నమోదు చేసి, పుట్టిన బిడ్డలు బడికి వెళ్లే దాకా గమనించారు. మన ఆడవాళ్ల గురించి మన నేల మీదే లెక్క ఉండాలన్న పట్టుదల అది.

దాచిన డబ్బా

ఇన్ని పరిశోధనలున్నా ఆ పౌడర్ డబ్బా దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఆగిపోతాయి. ఎందుకంటే ఆ డబ్బాలో ఉన్నది జబ్బు కాదు, భయం.

పెళ్లిచూపుల నాటికి మూర్ఛ సంగతి చెబితే సంబంధం తప్పిపోతుందని కన్నవాళ్ల భయం. చెప్పకుండా పెళ్లి చేస్తే బయటపడుతుందేమోనని పిల్ల భయం. అత్తింట్లో అందరూ పడుకున్నాక వంటింట్లో చీకట్లో నీళ్లు తాగుతున్నట్టు నటిస్తూ మాత్ర మింగే కోడళ్లున్నారు. చుట్టాలొచ్చిన రోజు అదీ కుదరదు. డోసు తప్పుతుంది, ఫిట్స్ వస్తుంది, దాచింది బయటపడుతుంది. మందు మార్చుకోవడానికి ఆరు నెలల వ్యవధి కావాలంటే, అసలు మందు వాడుతున్నట్టే ఎవరికీ తెలియని ఇంట్లో అదెలా సాధ్యం?

చట్టం కూడా చాలాకాలం ఆ భయానికే తోడు నిలిచింది. 1955 నాటి హిందూ వివాహ చట్టాన్ని 1976లో సవరించినప్పుడు మతిభ్రమణంతో పాటు మూర్ఛను కూడా పెళ్లికి అడ్డంకిగా రాశారు. 1999లో పార్లమెంటు మళ్లీ సవరణ చేసి ఆ మాటను తీసేసింది. అంటే పాతికేళ్లకు పైగా మూర్ఛ అనేది మన దేశంలో పెళ్లికి అడ్డు కాదు. చట్టం పుస్తకంలోంచి పోయింది గానీ మనసుల్లోంచి ఇంకా పోలేదు.

"పిల్లలకు కూడా వస్తదా?" అని అత్త అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. మూర్ఛ ఉన్న తల్లుల పిల్లల్లో అత్యధికులకు ఆ జబ్బు రాదు. మన దేశంలో మూర్ఛకు పెద్ద కారణాల్లో ఒకటి మెదడులో చేరే బద్దెపురుగు లార్వాల తిత్తులు. అది వంశంలో వచ్చేది కానే కాదు.

ఆపేస్తే ఏమవుతుంది?

"కడుపుతోటి ఉన్నదానికి గిన్ని గోలీలెందుకు?" అనే మాటలో ప్రేమే ఉంది. కానీ మూర్ఛ మందును ఒక్కసారిగా ఆపడం కొండ అంచున చెయ్యి వదిలేయడం లాంటిది. ఆగకుండా వరసగా ఫిట్స్ రావచ్చు. తల్లి కింద పడితే కడుపుకు దెబ్బ. ఫిట్స్ సాగినంతసేపూ బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది. నిద్రలోనే ఉన్నట్టుండి ప్రాణం పోయిన సందర్భాలూ ఉన్నాయి. గర్భిణుల్లో ఇలాంటి మరణాలు పెరిగాయని బ్రిటన్ మాతృ మరణాల నివేదిక 2020లో గట్టిగా హెచ్చరించింది.

అందుకే డాక్టర్లు చెప్పేది ఒకటే. మందు ఆపాలన్నా మార్చాలన్నా మెల్లగా, వారాల తరబడి, ఒకటి తగ్గిస్తూ మరొకటి పెంచుతూ చేయాలి. కొత్త మందుతో ఫిట్స్ రాకుండా కొన్ని నెలలు గడిచాక గర్భం గురించి ఆలోచించాలి. అప్పటిదాకా గర్భనిరోధం కావాలి. ఇక్కడా ఒక మెలిక ఉంది. కార్బమజెపైన్, ఫెనిటోయిన్, ఫినోబార్బిటోన్ వాడేవాళ్లలో గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు. కాపర్-టీకి ఆ ఇబ్బంది లేదు.

కొందరికి ఎంత ప్రయత్నించినా వాల్‌ప్రోయేట్ తప్ప మరేదీ పనిచేయదు. అలాంటప్పుడు వీలైనంత తక్కువ మోతాదును రోజులో విడివిడిగా వేసుకుంటూ, అన్నీ తెలిసిన మీదట ఆ తల్లే నిర్ణయం తీసుకోవాలి. తెలిసి తీసుకున్న నిర్ణయానికీ, తెలియక జరిగిపోయిన దానికీ చాలా తేడా ఉంది.

సీమంతం తర్వాత ఊరు మారితే

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆచారం. ఏడో నెలలో గాజులు తొడిగి, ఎల్బీనగర్ కోడలిని నల్గొండకో సూర్యాపేటకో తీసుకెళ్తారు. డాక్టరు మారతాడు, చీటీలు ఇక్కడే ఉండిపోతాయి.

మంచి మందుగా పేరున్న లామోట్రిజిన్‌ను గర్భిణి శరీరం మామూలు కంటే చాలా వేగంగా బయటకు పంపేస్తుంది. రక్తంలో దాని స్థాయి నెలనెలా పడిపోతుంది. లెవిటిరాసెటమ్ కూడా అంతే. మోతాదు పెంచాల్సిన సమయం, ఊరు మారే సమయం ఒకటే అవుతాయి. కాన్పయ్యాక కథ తిరగబడుతుంది. కొద్దిరోజుల్లోనే స్థాయి మళ్లీ పెరుగుతుంది. పెంచిన మోతాదును తగ్గించకపోతే బాలింత కళ్లు తిరిగి తూలిపోతుంది. "నీరసం" అనుకుంటారు.

ఐదు నెలలు దాటాక మొదటిసారి ఫిట్స్ వస్తే అది మూర్ఛ కాకపోవచ్చు. బీపీ పెరిగి వచ్చే గుర్రపువాతం కావచ్చు. దాని వైద్యం వేరు, ఆలస్యం చేస్తే ప్రాణాంతకం. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

■ ఇంట్లోవాళ్లు చేయగలిగినవి

• ఫిట్స్ వచ్చినప్పుడు ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చేతిలో తాళాలు, నోట్లో చెంచా, ముఖం మీద నీళ్లు ఏవీ వద్దు. గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.
• గర్భిణి, బాలింత నిద్ర చెడకూడదు. ఆ ఏడాదికి శివరాత్రి జాగారం, ఒక్కపొద్దులు మానేసినా దేవుడు ఏమీ అనుకోడు. రాత్రిపూట బిడ్డను ఎత్తుకునే పని భర్త, అమ్మ, అత్త పంచుకోవాలి.
• పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసే పని తల్లికి ఒంటరిగా వదలొద్దు. పాలు పట్టేటప్పుడు మంచం మీద కంటే నేల మీద, గోడకు ఆనుకుని కూర్చోవడం మేలు.
• చాలా మూర్ఛ మందులు వాడుతూ తల్లిపాలు ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. ఫినోబార్బిటోన్ వాడుతుంటే బిడ్డ మరీ మత్తుగా ఉందేమో గమనించాలి.
• పదకొండు–పధ్నాలుగు వారాల స్కాన్, 18–22 వారాల టిఫా స్కాన్ తప్పొద్దు. తీవ్రమైన లోపం కనిపిస్తే 2021లో అమల్లోకి వచ్చిన చట్ట సవరణ ప్రకారం 24 వారాలు దాటాక కూడా మెడికల్ బోర్డును ఆశ్రయించవచ్చు.
• లోపంతో పుట్టిన బిడ్డకు వెన్ను, గుండె, మొర్రి, వంకర పాదాల సమస్యల్ని గుర్తించి చికిత్సకు పంపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రభుత్వ ఆస్పత్రుల్లో 2013 నుంచి ఉంది.

ఒక్క ప్రశ్న చాలు

కొత్తపేటలో ఒకప్పుడు బత్తాయి, మామిడి లారీలు బారులు తీరిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో ఇప్పుడు టిమ్స్ ఆస్పత్రి భవనం లేచింది. దీనికి 2022లో శంకుస్థాపన చేశారు. తూర్పు హైదరాబాద్‌కూ, ఆ దారిన వచ్చే జిల్లాలకూ ఇది పెద్ద ఆసరా. ఇంత పెద్ద ఆస్పత్రుల్లో వారానికొక పూట, న్యూరాలజీ డాక్టరు, గైనకాలజిస్టు ఒకే గదిలో కూర్చుని, మూర్ఛ ఉన్న యువతులతో మాట్లాడే ఏర్పాటు చేయడానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. రెండు కుర్చీలు, ఒక రిజిస్టర్ చాలు. కేరళ పాతికేళ్ల కిందట చేసింది మనం ఇప్పుడైనా చేయొచ్చు.

అప్పటిదాకా ఆగనవసరం లేని పని మరొకటి ఉంది. మూర్ఛ మందు వాడే అమ్మాయి పదో తరగతిలో ఉన్నా, పెళ్లి కుదిరినా, రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నా, ఆమెను చూసే ప్రతి డాక్టరూ ప్రతిసారీ ఒక్క ప్రశ్న అడగాలి. "పిల్లల గురించి ఎప్పుడు ఆలోచిస్తున్నవమ్మా?" వీలైతే ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. బస్తీ దవాఖానాలో నర్సు అడగాలి. ఇంటింటికీ తిరిగే ఆశా అడగాలి. నెల తప్పాక కాదు, తప్పకముందు అడగాలి.

దిల్‌సుఖ్‌నగర్ మెట్ల మీది ఆ గదిలోకి మళ్లీ వెళ్దాం. డాక్టరు ఆ అమ్మాయిని తిట్టలేదు. మాత్ర ఈ రాత్రే మళ్లీ మొదలుపెట్టమన్నాడు, ఎంత వేసుకోవాలో రాసిచ్చాడు. స్కాన్లకు తేదీలు రాశాడు. మందు మార్పు గురించి గైనకాలజిస్టుతో తాను మాట్లాడతానన్నాడు. లేచేటప్పుడు అత్త చెయ్యి చాపి ఆ పౌడర్ డబ్బా తీసుకుంది. "ఇంక దాసుడెందుకు బిడ్డా, రోజూ యాదికి చేసి నేనే ఇస్త" అంది.

మీ ఇంట్లో ఆడపిల్ల ఎవరైనా మూర్ఛకో, మైగ్రేన్‌కో మాత్ర వేసుకుంటోందా? ఈ పత్రిక పక్కన పెట్టి ఆ షీటు తిప్పి చూడండి. చిన్న అక్షరాల్లో వాల్‌ప్రోయేట్ అని గానీ, డైవాల్‌ప్రోయెక్స్ అని గానీ ఉంటే, ఈ రాత్రి మాత్ర మామూలుగానే వేసుకోనివ్వండి. రేపు ఉదయమే ఆమెతో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లండి.